కుదురుకోవడానికి కాలం కావాలి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "మీరు ఇంజనీరు కదా, కట్టిన వంతెనల గురించి ఓ ఇరవై నిమిషాలు మాట్లాడండి" అన్నారు. వంతెనల గురించి చెప్పడానికి చాలామంది ఉన్నారు. నేను వేరే సంగతి ఎంచుకున్నాను. ఈ మధ్య మన స్కూలు పిల్లలు ఇంజనీరింగ్ అయ్యాక ఆగడం లేదు. గేట్ రాసి ఎం.టెక్‌కి ఐఐటీలకీ, ఎన్ఐటీలకీ వెళ్తున్నారు. ఎం.ఎస్.కి అమెరికా, జర్మనీ వెళ్తున్నారు. సీటు వచ్చిన రోజు స్వీట్లు పంచుతాం. మూడు నెలలు గడిచేసరికి వాళ్ల అమ్మానాన్నలు నాకు ఫోన్ చేస్తారు. "మావాడు సరిగ్గా మాట్లాడటం లేదండీ, ఎప్పుడు చేసినా బిజీ అంటాడు, తింటున్నాడో లేదో తెలియదు" అంటారు. అందుకని ఇవాళ ఆ మొదటి ఏడాది గురించే మాట్లాడతాను. నాకు తెలిసిన మొదటి ఏడాది నాదే కాబట్టి దాన్నే ఉదాహరణగా తీసుకుంటాను.

కాకినాడలో సివిల్ ఇంజనీరింగ్ పూర్తి చేసి 1992 జులైలో ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎం.టెక్‌లో చేరాను. నా సబ్జెక్టు మట్టి. సాయిల్ మెకానిక్స్ అంటారు. మా నాన్న సహకార సంఘంలో గుమాస్తా. "నాలుగేళ్లు చదివి ఇంజనీరువయ్యావు, మళ్లీ మట్టి గురించి చదవడమేమిట్రా, మన చేలో లేదా మట్టి?" అని నవ్వారు గానీ వద్దనలేదు. రాజమండ్రిలో హౌరా మెయిల్ ఎక్కితే మర్నాడు ఖరగ్‌పూర్. ప్లాట్‌ఫారం పొడవు వెయ్యి మీటర్ల పైమాట. ఒక రేకు పెట్టె, చుట్టిన పరుపు, ఆవకాయ జాడీ మోసుకుంటూ దాని ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేసరికే సగం ఓపిక అయిపోయింది. అక్కడి నుంచి క్యాంపస్ దాకా రిక్షా.

ఆ ఊరి గురించి రెండు మాటలు చెప్పాలి. ఐఐటీల్లో మొదటిది అదే. 1951లో హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో మొదలైంది. స్వాతంత్ర్య పోరాటంలో బ్రిటిష్ వాళ్లు రాజకీయ ఖైదీలను ఉంచిన చోటు అది. 1931 సెప్టెంబరు 16న అక్కడే పోలీసు కాల్పుల్లో ఇద్దరు ఖైదీలు చనిపోయారు. మేం వెళ్లేనాటికి ఆ భవనంలో మ్యూజియం ఉంది. ప్రధాన భవనం నుదుట "దేశ సేవకు అంకితం" అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలు పెద్ద అక్షరాల్లో ఉంటాయి. రోజూ సైకిల్ మీద దాని ముందు నుంచే క్లాసుకి వెళ్లేవాళ్లం. మొదటి వారం తలెత్తి చూశాం. తర్వాత క్లాసుకి ఆలస్యమవుతోందని తల వంచుకుని తొక్కడమే.

అక్కడి మట్టి ఎర్రటి మొరం. మనది నల్లటి బంకమన్ను. నేను పుట్టి పెరిగిన మట్టి గురించి ఎర్రమట్టి ఊళ్లో కూర్చుని నేర్చుకోవలసి వచ్చింది.

ఇప్పుడు రోజు ఎలా నడిచేదో చెబుతాను. పొద్దున ఐదున్నరకు లేవడం. ఆలస్యమైతే స్నానాల గదుల దగ్గర బకెట్ల వరుస. మెస్‌లో నిలబడే టిఫిన్ తిని, ఎనిమిది లోపే క్లాసు. మధ్యాహ్నం దాకా వరుసగా క్లాసులు. అడ్వాన్స్‌డ్ సాయిల్ మెకానిక్స్, పునాదులు, ఎలాస్టిసిటీ, న్యూమరికల్ మెథడ్స్. ఒక్కో దానికి వారానికో అసైన్‌మెంటు. బి.టెక్‌లో ఏడాది చివర ఒక నెల చదివితే గడిచిపోయేది. ఇక్కడ ప్రతి సోమవారమూ పరీక్ష రోజే. తిండి తిని రెండింటికల్లా ల్యాబ్. సాయంత్రం టీ. ఆపైన బి.టెక్ కుర్రాళ్ల ల్యాబ్ రికార్డులు దిద్దడం. గేట్ స్కాలర్‌షిప్ తీసుకునే వాళ్లం వారానికి కొన్ని గంటలు డిపార్ట్‌మెంటుకు పని చెయ్యాలి. తర్వాత లైబ్రరీ. రాత్రి కంప్యూటర్ సెంటర్‌లో టెర్మినల్ కోసం లైను. గదికి చేరేసరికి పన్నెండు, ఒంటిగంట.

భాష సంగతి వేరు. నేను ఇంటర్ దాకా తెలుగు మీడియం. కాకినాడలో ఇంగ్లీషు పుస్తకాలతో నాలుగేళ్లు గడిపాను కాబట్టి ధైర్యంగానే వెళ్లాను. మొదటి క్లాసులో బెంగాలీ ప్రొఫెసరు గారు "భాయిడ్ రేషియో, భాయిడ్ రేషియో" అంటుంటే అదేదో కొత్త సిద్ధాంతం అనుకున్నాను. పది నిమిషాల తర్వాత బోర్డు మీద రాస్తే తెలిసింది, అది మనకు తెలిసిన వాయిడ్ రేషియోనే. నా ఇంగ్లీషు ఆయనకు ఎలా వినిపించిందో మరి! రెండు వారాల్లో ఇద్దరం అలవాటు పడ్డాం.

ఇన్ని పనుల్లో నా రోజును పట్టి నిలబెట్టింది ఒక చిన్న పరికరం. పేరు ఈడోమీటర్. బంకమట్టి మీద బరువు పెడితే అది ఎంత కుంగుతుంది, ఎంతకాలంలో కుంగుతుంది అని కొలిచే సాధనం. ఇత్తడి రింగులో 20 మిల్లీమీటర్ల మందాన మట్టి బిళ్ల పెడతాం. పైనా కిందా నీరు పోయే రాతి బిళ్లలు. ఒక మీట చివర బరువులు వేలాడదీస్తాం. పైన డయల్ గేజి.

బరువు వేసిన క్షణం నుంచి రీడింగులు తీయాలి. పావు నిమిషానికి ఒకటి, ఒక నిమిషానికి, రెండుంపావుకి, నాలుగుకి, ఆరుంపావుకి, తొమ్మిదికి, అలా. మొదటి గంట కుర్చీ వదిలి కదలడానికి లేదు. తర్వాత రెండు గంటలకి, నాలుగు గంటలకి, ఎనిమిది గంటలకి. చివరిది సరిగ్గా 24 గంటలకి. అప్పుడు బరువు రెట్టింపు చేసి మళ్లీ మొదటి నుంచి. చదరపు సెంటీమీటరుకు పావు కిలో, అర, ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది. ఒక మట్టి బిళ్లతో వారం రోజుల పని. ఆ మట్టికి ఆదివారమూ తెలియదు, పండగా తెలియదు.

మా బ్యాచ్‌లో ముగ్గురం. ఒకడు బెంగాలీ, ఒకడు బిహారీ, నేను. మధ్యాహ్నం రెండున్నరకు బరువు మార్చేవాళ్లం. కాబట్టి నాలుగున్నరకి, ఆరున్నరకి, రాత్రి పదిన్నరకి రీడింగులు. రాత్రి వంతు ముగ్గురం పంచుకున్నాం. కాపలాదారుని లేపి తాళం తీయించుకుని, టార్చి వేసి గేజి చూసి, అంకె రాసుకుని రావడం. మన స్కూల్లో సైన్సు మాస్టారు అబ్జర్వేషన్ పుస్తకం విషయంలో ఎంత గట్టిగా ఉండేవారో మా బ్యాచ్ వాళ్లకి గుర్తుండే ఉంటుంది. "చూసింది రాయండి, రావాలనుకున్నది రాయకండి" అనేవారు. పెన్సిలుతో రాస్తే ఒప్పుకునేవారు కాదు. ఖరగ్‌పూర్‌లో నా పుస్తకం చూసి ప్రొఫెసరు గారు "ఈ అలవాటు ఎక్కడిది?" అని అడిగితే మన హైస్కూలు పేరే చెప్పాను.

ఇంతకీ ఆ మట్టి ఏం చెబుతుంది? పిల్లలకు అర్థమయ్యేలా చెబుతాను. బంకమట్టిలో కణాల మధ్య నీరు ఉంటుంది. మనం బరువు పెట్టగానే ఆ బరువును మట్టి మొయ్యదు, నీరు మోస్తుంది. నీటికి ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడికి నీరు మెల్లమెల్లగా బయటికి దారి వెతుక్కుంటుంది. నీరు పోయినకొద్దీ కణాలు దగ్గరకు జరిగి బరువును తమ మీదికి తీసుకుంటాయి. చివరికి నీటి మీద అదనపు ఒత్తిడి ఉండదు, బరువంతా మట్టిదే. అప్పటికి ఆ మట్టి మొదటికంటే గట్టిది. ఈ లెక్కను కార్ల్ టెర్జాఘీ అనే ఇంజనీరు తేల్చాడు. ఇస్తాంబుల్‌లో పాఠాలు చెప్పుకుంటూ, చేతికి దొరికిన సామానుతో పరికరాలు తయారు చేసుకుని ప్రయోగాలు చేశాడు. 1925లో పుస్తకం వేశాడు. మా సబ్జెక్టు అక్కడి నుంచే మొదలైందంటారు.

ఇందులో కాలం పాత్ర చాలా పెద్దది. నీరు నడవాల్సిన దూరం రెట్టింపైతే పట్టే కాలం నాలుగు రెట్లు. ల్యాబ్‌లో 20 మిల్లీమీటర్ల బిళ్ల కుంగడానికి ఒక గంట పట్టిందనుకోండి. అదే మట్టి నేల కింద 10 మీటర్ల మందాన, పైనా కిందా ఇసుక పొరల మధ్య ఉంటే మందం 500 రెట్లు. కాలం రెండున్నర లక్షల రెట్లు. అంటే సుమారు 28 ఏళ్లు! పూడ్చిన చెరువులో ఇల్లు కడితే పదేళ్ల తర్వాత కూడా గోడలు ఎందుకు పగులుతాయో మన ప్రాంతం వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

మరో సంగతి. నీరు పోయేదాకా ఆగకుండా బరువు మీద బరువు వేస్తే ఏమవుతుంది? మట్టి కుంగదు, పక్కకు జారిపోతుంది. కొత్తగా ఎత్తు చేసిన కాలవ గట్టు రాత్రికి రాత్రి జారిపోవడం ఇక్కడ పెద్దవాళ్లంతా చూసే ఉంటారు. గట్టు బరువు ఎక్కువై కాదు, తొందర ఎక్కువై. అందుకే మెత్తటి నేల మీద గట్టును దశలవారీగా పోస్తాం. కొంత పోసి, కొన్ని నెలలు ఆగి, మళ్లీ కొంత. అదే బరువు, అదే నేల. ఆగి పోస్తే నిలుస్తుంది, ఆగకుండా పోస్తే జారుతుంది. దీనికి మన భాషలో చక్కటి మాట ఉంది. కుదురుకోవడం. మట్టికీ అదే మాట, మనిషికీ అదే మాట.

ల్యాబ్‌లో ఈ పని చేతితో నేర్పింది మాత్రం ఒక పెద్దాయన. అక్కడ అసిస్టెంటు. ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారని ఇక్కడ ఎంతమందికి తెలుసో. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో వర్క్‌షాపు పనికి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి వెళ్లిన కుటుంబాలు అక్కడే స్థిరపడిపోయాయి. ఈయన తాత అలా వెళ్లినవాడే. తెలుగు, హిందీ, బెంగాలీ మూడూ ఒకే వాక్యంలో మాట్లాడేవాడు. సన్నటి తీగతో మట్టిని కోసి, రింగులో గాలి మిగలకుండా ఎలా దించాలో, ఫిల్టర్ కాగితం ఎంత తడపాలో ఆయనే చూపించాడు. ఏ పుస్తకంలోనూ ఆ చెయ్యి తిరగడం ఉండదు. రోజూ మొదటి ప్రశ్న మాత్రం ఒకటే. "ఏటి బాబూ, తిన్నావా?" నేను "తిన్నాను బాబాయ్" అంటే మొహంలోకి చూసి, అబద్ధమైతే పట్టేసేవాడు.

అబద్ధం ఆడటానికి కారణం ఉండేది. మెస్‌లో ఉప్పుడు బియ్యం అన్నం, పల్చటి పప్పు, ఆలూ, ఆవనూనె వాసన. చేపలు బాగుండేవి గానీ ముళ్లు తీసుకుని తినేంత తీరిక లేదు. ఆవకాయ జాడీ ఆగస్టు చివరికి ఖాళీ. తర్వాత బాబాయే గోల్‌బజార్‌లో తెలుగులో బేరం ఆడుకునే దుకాణాలు చూపించాడు. నెలకోసారి ఆదివారం అక్కడికి సైకిల్ మీద వెళ్లి పచ్చడి, అప్పడాలు తెచ్చుకోవడం, దారిలో నాలుగు తెలుగు మాటలు వినడం. అదే మాకు పండగ.

డబ్బు సంగతి కూడా చెప్పుకోవాలి. స్కాలర్‌షిప్ అంటే జీతంలాంటిదే. పని చేశాక వస్తుంది. ఖర్చు మాత్రం ముందే వస్తుంది. ఫీజు, హాస్టల్ డిపాజిట్, మెస్ అడ్వాన్సు, పుస్తకాలు, పాత సైకిలు. మా అమ్మ చేతి గాజులు రెండు బ్యాంకులో పెడితేనే నేను చేరగలిగాను. డిసెంబరుకు వాటిని విడిపించుకున్నాం. స్కాలర్‌షిప్ రావడం మొదలయ్యాక నెలనెలా ఇంటికి కొంత మనియార్డరు చేసేవాణ్ణి. మా చెల్లెలు అప్పుడు ఇంటర్ చదువుతోంది. ఫోను లేదు. ఇన్‌లాండ్ లెటరు వెళ్లడానికి ఐదారు రోజులు, జవాబు రావడానికి ఐదారు రోజులు. నేను బెంగపడి రాసిన ఉత్తరానికి ఓదార్పు వచ్చేసరికి ఆ బెంగ పోయి ఇంకో బెంగ ఉండేది.

సెప్టెంబరులో మొదటి విడత పరీక్షలు అయ్యాయి. అప్పటిదాకా మేమంతా ఎవరి కాలేజీలో వాళ్లం మొదటి ర్యాంకుల వాళ్లం. అలాంటివాళ్లను అందరినీ ఒకే గదిలో కూర్చోబెడితే ఎవరో ఒకరు ఆఖరివాడు కావాలి కదా. మా వరుసలో మూడో గదిలో ఒక కుర్రాడు ఉండేవాడు. మార్కులు వచ్చాక మెస్‌కి రావడం మానేశాడు. రెండు రోజులు ఎవరం గమనించలేదు. అందరం బిజీ! మూడో రోజు మెస్‌లో వడ్డించే అతను అడిగాడు, "మీ మూడో గది బాబు ఊరెళ్లాడా?" అని. వెళ్లి తలుపు కొట్టాం. చాలాసేపటికి తీశాడు. పుస్తకాలు మంచం నిండా తెరిచే ఉన్నాయి. "రెండు రాత్రుల నుంచి చదువుతున్నాను, ఒక్క ముక్క ఎక్కడం లేదు" అన్నాడు. మేం ఏ సలహా చెప్పలేదు. మెస్‌కి తీసుకెళ్లాం. తిన్నాడు. తర్వాత పన్నెండు గంటలు పడుకున్నాడు. ఆ మర్నాటి నుంచి అసైన్‌మెంట్లకు నలుగురం ఒకే గదిలో కూర్చోవడం మొదలుపెట్టాం. అతను ఆ కోర్సు పూర్తి చేశాడు. ఇవాళ ఆనకట్టల భద్రత మీద పని చేస్తున్నాడు. ఇప్పటికీ నెలకోసారి మాట్లాడుకుంటాం.

నాకూ ఒక పరీక్ష వచ్చింది. వేసవిలో ఇంటర్వ్యూ ఇచ్చిన ఒక నిర్మాణ కంపెనీ నుంచి ఉద్యోగం ఉత్తరం. జీతం స్కాలర్‌షిప్‌కి రెట్టింపు కంటే ఎక్కువ. పదిహేను రోజుల్లో చేరాలి. నాన్నకు రాస్తే "నీ ఇష్టం నాన్నా" అని ఒకే వాక్యం వచ్చింది. ఆ వాక్యం వెనుక గాజులూ చెల్లెలి చదువూ నాకు కనబడుతూనే ఉన్నాయి. అదే వారం రెండు అసైన్‌మెంట్లు, ఒక సెమినారు, ఈడోమీటర్ మీద నాలుగు కిలోల బరువు. ప్రొఫెసరు గారి దగ్గరకు వెళ్లి ఉత్తరం చూపించాను. ఆయన నన్ను ఉండమనలేదు, వెళ్లమనలేదు. "వెళ్లినా తప్పు లేదు. కానీ ఇంత అలసటలో నిర్ణయం తీసుకోకు. కంపెనీ వాళ్లను పది రోజులు గడువు అడుగు. దుర్గా పూజ సెలవుల్లో బాగా నిద్రపో. తర్వాత వచ్చి చెప్పు" అన్నారు.

పూజ సెలవుల్లో క్యాంపస్ ఖాళీ అయిపోతుంది. నాకు ఊరికి రావడానికి చార్జీలు దండగనిపించింది. అక్కడే ఉండిపోయాను. మొదటి మూడు రోజులు నిద్ర. నాలుగో రోజు బాబాయి వాళ్లింట్లో భోజనం. రాత్రి పందిళ్లు చూడటం. ఐదో రోజు కాగితం తీసుకుని లెక్క వేశాను. ఇంటికి నెలకు ఎంత కావాలి, నేను ఎంత పంపగలను, ఇంకా ఎన్ని నెలలు. కాగితం మీద పెట్టేసరికి కొండంత అనిపించింది అరచేతిలో ఇమిడింది. ఉండటానికే నిర్ణయించుకున్నాను. మా బ్యాచ్‌లోనే ఇద్దరు ఉద్యోగాలకు వెళ్లిపోయారు. వాళ్లూ బాగున్నారు. అందుకే ఉండటం గొప్ప, వెళ్లడం తక్కువ అని నేను అనను. అలసిన మనసుతో కాకుండా తేరుకున్న మనసుతో తేల్చుకున్నాను, అదే నాకు ముఖ్యం.

జనవరిలో రెండో సెమిస్టరు మొదలైంది. పని తగ్గలేదు. నిజానికి ప్రాజెక్టు కూడా తోడైంది. మట్టి కుంగడాన్ని కంప్యూటర్ మీద లెక్కగట్టే ఫోర్ట్రాన్ ప్రోగ్రాం రాయాలి. ఆ లెక్కలో ఒక నియమం ఉంది. కాలాన్ని చిన్న చిన్న అడుగులుగా తీసుకోవాలి. తొందరగా తేల్చేద్దామని అడుగు ఒక హద్దు దాటించామా, జవాబులు ఒకసారి పైకీ ఒకసారి కిందికీ ఊగి చివరికి అర్థంలేని అంకెలు వస్తాయి. యంత్రానికి కూడా తొందర పనికిరాదు!

అయితే రెండో సెమిస్టరులో ఒక తేడా తెలిసింది. అవే గంటలు, అంతకంటే ఎక్కువ పని, కానీ భారం అనిపించలేదు. రాత్రి పదిన్నరకి రీడింగు తీసుకుని వస్తూ దారిలో ఆగి టీ తాగేవాళ్లం. ఏప్రిల్‌లో కాలవైశాఖి గాలివాన వస్తే మేడ మీదికి వెళ్లి తడిసేవాళ్లం. మొదటి సెమిస్టరులో బరువును మోసింది నా కంగారు. రెండో సెమిస్టరుకి మోసింది నేను. మధ్యలో జరిగింది కుదురుకోవడం. దానికి ఒక సెమిస్టరు పట్టింది. అంతకంటే ముందు జరగాలని ఎవరు తొందరపెట్టినా జరిగేది కాదు.

ఇప్పుడు పిల్లలకు మూడు మాటలు. మొదటిది. బిజీగా ఉండటం వేరు, పని జరగడం వేరు. రోజులో ఒక్క పనికైనా కదలని వేళ పెట్టుకోండి. మిగతా రోజంతా దాని చుట్టూ సర్దుకుంటుంది. నాకు రెండున్నర గంటల రీడింగు అలాంటిది. ఇక్కడ స్కూల్లో గంట కొట్టేవారు ఉన్నారు. అక్కడ మీ గంట మీరే కొట్టుకోవాలి. రెండోది. అలసిన రోజున పెద్ద నిర్ణయం వద్దు. మూడోది. తిండి, నిద్ర అనేవి చదువు అయ్యాక మిగిలిన టైములో చేసేవి కావు. అవి ఉంటేనే చదువు.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఫోన్ చేసినప్పుడు మొదటి ప్రశ్న మార్కుల గురించి వద్దు. "తిన్నావా?" అని అడగండి. జవాబు కంటే గొంతు వినండి. పిల్లవాడు రోజుల తరబడి నిద్రపోవడం లేదని, ఎవరితోనూ కలవడం లేదని తెలిస్తే "అందరూ చదవడం లేదా" అనకండి. బయలుదేరి వెళ్లండి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ అనే ఉచిత ఫోన్ సేవ ఉంది, నంబరు 14416. తెలుగులో కూడా మాట్లాడతారు. ఆ నంబరు ఫోన్‌లో రాసిపెట్టుకోండి. పిల్లలకూ ఇవ్వండి. అవసరం రాకపోతే మంచిదే.

చివరగా మన సంఘానికి ఒక ప్రతిపాదన. మెత్తటి బంకమట్టిని త్వరగా కుదురుకునేలా చెయ్యడానికి ఇంజనీర్లకు ఒక పద్ధతి ఉంది. మట్టిలో నిలువుగా బోర్లు వేసి ఇసుక నింపుతాం. నీరు అడుగుదాకానో పైదాకానో పోనక్కర్లేదు. పక్కనే ఉన్న ఇసుక స్తంభంలోకి వెళ్లిపోతుంది. దూరం సగమైతే కాలం నాలుగో వంతు. జపాన్‌లో 1994లో ప్రారంభమైన కాన్సాయ్ విమానాశ్రయం సముద్రంలో ఇలాంటి నేల మీద కట్టిన దీవే. దాని కింద లక్షల సంఖ్యలో ఇసుక స్తంభాలు వేశారు. బరువు తగ్గించలేదు, దారి దగ్గర చేశారు. నాకు ఖరగ్‌పూర్‌లో ల్యాబ్ బాబాయి అలాంటి దారి. మూడో గది కుర్రాడికి మెస్‌లో వడ్డించే మనిషి అలాంటి దారి. వాళ్లు నాకు దొరకడం అదృష్టం. మన పిల్లల్ని అదృష్టానికి వదిలెయ్యక్కర్లేదు. యాభై ఏళ్లుగా ఈ సంఘం పోగుచేసుకున్న మనుషులు ప్రతి పెద్ద నగరంలోనూ ఉన్నారు.

నేను కోరేవి రెండు. ఒకటి. మన స్కూలు నుంచి పైచదువుకు వెళ్లే ప్రతి పిల్లవాడికీ, ప్రతి అమ్మాయికీ ఆ ఊళ్లోనో దగ్గరలోనో ఉన్న ఒక పూర్వ విద్యార్థి పేరు ఇద్దాం. నెలకోసారి భోజనానికి పిలవడం, పిలవలేకపోతే ఫోన్ చెయ్యడం ఆ పెద్దవాళ్ల పని. చదువు చెప్పక్కర్లేదు. రెండు. మొదటి మూడు నెలల ఖర్చుకు ఒక నిధి పెడదాం. గేట్‌తో ఎం.టెక్ చేసేవాళ్లకి ఇచ్చే స్కాలర్‌షిప్ చాలా ఏళ్లుగా నెలకు 12,400 రూపాయలు. అది చేతికి వచ్చేలోగా ఫీజులు, డిపాజిట్లు కట్టాలి. వడ్డీ లేని అప్పుగా ఇద్దాం. ఉద్యోగం వచ్చాక తిరిగి ఇస్తారు, అది ఇంకొకరికి వెళ్తుంది. ఏ తల్లి గాజులూ బ్యాంకుకు వెళ్లనక్కర్లేదు. దీనికి మొదటి చందా నాది. ఇవాళే కోశాధికారి గారికి అందజేస్తున్నాను.

గురువులందరికీ నమస్కారం. మీరు మాకు బరువులు మోయడం నేర్పారు. అంతకంటే ముందు, మోయగలిగేదాకా ఆగారు. ఎనిమిదో తరగతిలో ఇంగ్లీషు వాక్యం చదవలేక నిలబడిపోయిన నాలాంటి వాళ్లకు, "కూర్చోరా, రేపు చదువుదువుగాని" అన్న ఆ ఒక్క రోజు గడువు విలువ నాకు చాలా ఏళ్ల తర్వాత, ఇత్తడి రింగులో మట్టిని చూస్తుండగా తెలిసింది.